ఇంటి ముందు తూము, పుంత కింద తూము: మూడు రకాలూ వాడి చూశాక

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికీ రోడ్డుకీ మధ్య ఒక మురుగు బోదె ఉంటుంది. చేలోకి దిగాలంటే ఇంకో బోదె దాటాలి. అందుకని కింద నీళ్లు పోతూ పైన దారి ఉండేలా వేసే తూములు, అంటే పెద్ద గొట్టాలు, కొనని ఇల్లు ఇక్కడ ఉండదు. మాకు మూడు చోట్ల మూడు రకాలున్నాయి. ఇంటి గేటు ముందు 450 మి.మీ. వ్యాసం ఉన్న ఎన్‌పీ2 సిమెంటు తూములు, చేలోకి పోయే పుంత (మట్టి బాట) కింద 900 మి.మీ. ఎన్‌పీ3 తూములు, దొడ్డి వైపు రెండు పొరల నల్ల ప్లాస్టిక్ పైపు. దీన్ని తూములమ్మే యార్డుల్లో డీడబ్ల్యూసీ అంటారు. మూడూ చాలా వర్షాకాలాలు చూశాయి కాబట్టి ఇప్పుడు వాటి గురించి ధైర్యంగా చెప్పగలను.

ఎన్‌పీ2, ఎన్‌పీ3, ఎన్‌పీ4 అనేవి ఐఎస్ 458 అనే భారత ప్రమాణం ప్రకారం సిమెంటు తూముల బలానికి పెట్టిన తరగతులు. తేలిక బళ్లు తిరిగే చోటుకి ఎన్‌పీ2, ఓ మాదిరి లోడు బళ్లకి ఎన్‌పీ3, హైవేల లాంటి చోట్లకి ఎన్‌పీ4. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మూతి దగ్గర గోడ మందం చూస్తేనే తేడా తెలుస్తుంది. 450 సైజులో ఎన్‌పీ2 గోడ రెండంగుళాలు కూడా ఉండదు, ఎన్‌పీ3కి మూడంగుళాలుంటుంది. మీ గేటు ముందు కారు, మోటారు సైకిలు తప్ప ఏదీ తిరగదు అనుకుంటే ఎన్‌పీ2 చాలు. కానీ అలా ఎవరింటి ముందూ జరగదు. మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నప్పుడు గ్రావెల్ టిప్పరు మా తూము మీదుగా తిప్పారు. తర్వాత కాలువ కట్టేశాక లోపలికి టార్చి వేసి చూస్తే నెత్తి మీద ఒకటి, అడుగున ఒకటి పొడవునా చీలికలు. కూలలేదు, చుట్టూ గట్టిపడిన మట్టి పట్టి ఉంచింది. ఇప్పటికీ నీళ్లు పోతున్నాయి. కానీ లోడు ట్రాక్టరు వస్తుంటే బయటే ఆపమని కేకేయాల్సి వస్తోంది. ఇంటి ముందు కూడా ఎన్‌పీ3 వేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

తూము నెత్తి మీద కనీసం 600 మి.మీ., అంటే రెండడుగుల మట్టి ఉండాలని రోడ్ల ఇంజనీర్లు అంటారు. చక్రం బరువు ఆ మట్టిలో పరుచుకుని తూము మీదకి దిగుతుంది. పుంత మీద అది కుదిరింది. ఇంటి గేటు దగ్గర కుదరదు, అంత ఎత్తు పోస్తే వాననీళ్లు వాకిట్లోకే వస్తాయి. అలాంటి చోట ఊచలు కట్టి పైన కాంక్రీటు స్లాబు పోయించుకోవాలి. మా ఎదురింటి వాళ్లు అలాగే చేశారు, దాని మీద ఇసుక లారీ ఆగినా చెక్కు చెదరలేదు.

మూడింటిలో నాకు బాగా నచ్చింది పుంత కింద వేసిన 900. అంత పెద్దది దేనికని ఊళ్లో అందరూ అడిగారు. అంతకు ముందు అక్కడ 300 తూములు రెండు పక్కపక్కన ఉండేవి. ఏటా కాలువలో కొట్టుకొచ్చే గుర్రపు డెక్క వాటి మూతుల్లో బిరడా కొట్టినట్టు బిగుసుకునేది. పైగా లెక్క చూడండి, ఒక్క 600 తూము మూతి వైశాల్యం రావాలంటే 300వి నాలుగు వేయాలి. నాలుగు వేసినా డెక్క పట్టడానికి నాలుగు మూతులు తయారవుతాయి తప్ప అంత నీరు లాగవు. 900లోకైతే మనిషి ఒంగుని వెళ్లి పార వేసి బురద లాగొచ్చు. రోడ్లకి అడ్డంగా వేసేవి 900, 1000కి తగ్గనివ్వకపోవడానికి శుభ్రం చేసే వీలు కూడా ఒక కారణం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు దీని సత్తా తెలిసింది. చుట్టుపక్కల చాలా పుంతల మీద నీళ్లు పొర్లి గట్లు తెగాయి. మా తూము దగ్గర ఎగువ నీటికీ దిగువ నీటికీ మట్టంలో తేడా జానెడు లోపే ఉంది. తూము చాలుతోందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు. జోరు వానలో రెండు పక్కలా నిలబడి చూడండి. ఎగువన మూరెడు ఎక్కువ నిలిచిందంటే తూము చిన్నదైనా అయి ఉండాలి, పూడికైనా పట్టి ఉండాలి.

ఇక అసలు విషయం మట్టం. మంచి రకం తూము తెచ్చి తప్పు మట్టంలో వేస్తే బోదెకి అడ్డంగా గట్టు కట్టినట్టే. మా సందులో ఒక ఇంటి ముందు తాపీ మేస్త్రి బురద మీదే తూములు దించి పని ముగించాడు. అప్పటికి నీళ్లు బాగానే పోయాయి. తర్వాత బోదె పూడిక తీయడానికి పొక్లెయిన్ వచ్చింది. బోదె అడుగు కిందకి దిగింది, తూము మాత్రం పైన ఉండిపోయింది. ఇప్పుడు దాని వెనకాల ఎప్పుడూ మోకాలి లోతు మురుగు నిలిచి దోమలు ముసురుతుంటాయి. అందుకని ముందు బురదంతా తీయించి గట్టి నేల చూడాలి. తూము అడుగు ఆ నేలకి సమానంగా, ఇంకా చెప్పాలంటే బెత్తెడు కిందకే ఉండాలి. మాది డెల్టా, నేల వాలు దాదాపు ఉండదు. కంటితో చూసి వాలు చెప్పేవాళ్లని నమ్మొద్దు. నీళ్లు నింపిన లెవెల్ గొట్టం పట్టి రెండు మూతుల దగ్గరా కొలిపించండి.

మా నల్లరేగడిలో తూము కిందకి కుంగుతుంది. పుంత దగ్గర నేల మరీ మెత్తగా ఉంటే సర్వీ బాదులు దిగ్గొట్టించి, వాటి మీద కంకర, ఇసుక పరిపించాం. తూము పొడవునా ఇసుక మీద ఆనాలి. ఎత్తు సర్దడానికి కింద ఇటుక ముక్కలు దోపితే బరువంతా ఆ ముక్కల మీదే పడి అక్కడే పగులుతుంది. రెండు తూములు కలిసే చోట తొడిగే కాలర్ల దగ్గర సిమెంటు సరిగ్గా పూయకపోతే పై మట్టి కొద్దికొద్దిగా లోపలికి జారిపోతుంది. రోడ్డు మీద జాయింటుకి సరిగ్గా పైన చిన్న గుంట కనిపించిందంటే దాని మీద మట్టి పోసి ఊరుకోవద్దు, తవ్వి జాయింటు చూడాలి.

రెండు చివర్లా గోడలు కట్టడానికి ఖర్చని చాలామంది వదిలేస్తారు. దొడ్డి వైపు కట్టలేదు, పుంత దగ్గర కట్టించాం, తేడా మొదటి వర్షాకాలానికే తెలిసింది. గోడ లేని చోట మట్టి జారి మూతి సగం మూసుకుంది. ఎండ్రకాయలు తూము పక్కనే బొరియలు చేస్తే నీళ్లు తూములోంచి కాకుండా పక్క నుంచి దారి చేసుకున్నాయి. తర్వాత అక్కడా కట్టించాం.

ప్లాస్టిక్ పైపుకి వస్తే మోత సుఖం మాటల్లో చెప్పలేను. 900 ఎన్‌పీ3 తూము ఒక్కోటి టన్నున్నర పైనే, క్రేనో పొక్లెయినో లేకుండా కదలదు. ఆరు మీటర్ల ప్లాస్టిక్ పైపుని మనుషులే భుజాన వేసుకుని దొడ్లోకి తెచ్చారు. అంత పొడవులో జాయింటే లేదు. ఉప్పునీటితో దానికి పేచీ లేదు. రొయ్యల చెరువుల నీళ్లు వదిలే బోదెల్లో సిమెంటు తూముల అడుగు పెచ్చులూడి తుప్పు పట్టిన తీగ బయటపడటం మీరూ చూసే ఉంటారు. అలాంటి బోదెలకి నేనైతే ప్లాస్టిక్కే చెబుతాను. కానీ దాని బలమంతా పక్క మట్టిలోనే ఉంది. రెండు పక్కలా ఒకేసారి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టాలి, లేకపోతే నొక్కుకుపోతుంది. గోతిలో నీళ్లుంటే ఖాళీ పైపు తేలిపోతుంది కూడా. ఇంకొకటి, నిప్పు. గట్టు మీద ఎవరో ఎండుగడ్డి తగలబెడితే మా పైపు మూతి ఒకవైపు కరిగి లోపలికి ముడుచుకుపోయింది. ఆ చివర కోసి, అక్కడ ఇటుక గోడ కట్టించాం.

పని పెట్టుకోవాలంటే వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే. అప్పుడు ఊరందరికీ తూములు కావాలి, యార్డులో సైజులు దొరకవు, పొక్లెయిన్ దొరకదు. మార్చిలోనే అడ్వాన్సు ఇచ్చి ఉంచండి. పంచాయతీ బోదె అయితే పంచాయతీలో, ఇరిగేషన్ వాళ్లదైతే వాళ్ల దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఏ సైజు వేయాలో కూడా అందులోనే రాయించుకోండి. పూడిక తీసే మిషన్ వచ్చినప్పుడు ఆ కాగితం ఉన్న తూముల జోలికి ఎవరూ రారు.