స్టార్టప్ ఇండియా సర్టిఫికెట్: ఏడేళ్లు వాడాక

ఎండుమిర్చిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు తయారు చేస్తాం మేం. ఖమ్మం యార్డులో వ్యాపారి కాయను చేత్తో నలిపి "తేమ ఉంది" అంటూ ధర తగ్గిస్తుంటే, రైతు దగ్గర కూడా ఒక అంకె ఉండాలని మొదలుపెట్టిన పని ఇది. 2018లో కంపెనీ పెట్టగానే, కొత్త కంపెనీలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు తీసుకున్నాం. మార్కులేయమంటే ఐదుకు మూడు.

తీసుకోవడం తేలికే. ఫీజు లేదు, అంతా ఆన్‌లైన్. "ఐదు వేలివ్వండి, చేయించి పెడతాం" అని కొందరు ఫోన్ చేస్తారు, ఫోన్ పెట్టేయండి. మేం తీసుకున్నప్పుడు గుర్తింపు ఏడేళ్లకే. 2019 ఫిబ్రవరిలో పదేళ్లు చేశారు కాబట్టి సరిపోయింది, లేదంటే ఈపాటికి మాజీలమయ్యేవాళ్లం.

నిజంగా డబ్బు మిగిలింది పేటెంటు దగ్గర. పెద్ద కంపెనీ 8,000 కట్టే దరఖాస్తుకు మేం కట్టింది 1,600. పరిశీలన ఫీజు 20,000 బదులు 4,000. అంతకన్నా మేలు, దరఖాస్తు రాసిపెట్టే నిపుణుడి ఫీజు ప్రభుత్వమే ఇచ్చింది. మాకు దొరికినాయన సరుకు కళ్లారా చూడందే రాయనన్నారు. రెండు కిలోల తేజ మిర్చి పట్టుకెళ్లా. దరఖాస్తు చక్కగా రాశారు, మిగిలిన కాయలు కారం పట్టించుకున్నారు.

పన్ను మినహాయింపు సంగతి వేరు. గుర్తింపు ఉంటే చాలదు, దానికి ఇంకో బోర్డు ఒప్పుకోవాలి. వస్తే మూడేళ్ల లాభం మీద పన్ను ఉండదు. లాభమేదీ? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నాకు బాగా గుచ్చుకున్నది గడువుల దగ్గర. 2021లో సీడ్ ఫండ్ పథకం వచ్చింది, నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు. సంబరపడి ఫారం తెరిస్తే, కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదట. మాకప్పటికే మూడు. యాప్ చేసేవాళ్లకు రెండేళ్లంటే చాలా కాలం, పొద్దున తప్పు కనిపిస్తే సాయంత్రానికి సరిచేస్తారు. మాకు రెండేళ్లంటే రెండు పంటలు. ఏప్రిల్‌లో మీటరు తప్పు చూపించిందంటే, దిద్దిన మీటరును మళ్లీ కొత్త కాయ మీద పెట్టి చూసేది వచ్చే జనవరిలోనే. వ్యవసాయ పరికరాలు చేసే ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు.

సర్టిఫికెట్‌తో సంబంధం లేకుండా మమ్మల్ని ఆదుకున్నది హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్, నమూనాలు తయారు చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కేంద్రం. 2023 మార్చిలో తెరిచారు. అంతకుముందు విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, పెట్టెకు బాలానగర్, బోర్డుకు ఇంకోచోటు, రోజంతా బండి మీదే. ఇప్పుడు త్రీడీ ప్రింటింగ్, లేజర్ కటింగ్, సర్క్యూట్ బోర్డు అన్నీ ఒకే కప్పు కింద. డబ్బు కట్టాలి, అయినా నాలుగు నెలల పని మూడు వారాల్లో తేలింది.

ఇక టెండర్లు. స్టార్టప్‌లు ధరావతు కట్టక్కర్లేదు, ఇది నిజంగా అమలవుతోంది. పాత అనుభవం, టర్నోవర్ షరతులు సడలించవచ్చని కూడా రూల్సులో ఉంది. "వచ్చు" అని ఉంది, "తీరాలి" అని లేదు. ఒక కార్యాలయంలో అధికారి ఆ మాట మీదే వేలు పెట్టి చూపించి మా ఫైలు పక్కన పెట్టేశారు. ఆయన్నీ తప్పుపట్టలేను, రేపు మీటరు చెడిపోతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే కదా.

ఇంకోచోట ఆర్డరు దొరికింది, 40 మీటర్లు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో బిల్లు చెల్లించాలని 2006 చట్టం ఉంది. అందుకు చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ విడిగా చేసుకోవాలి, స్టార్టప్ గుర్తింపు పనికిరాదు, మర్చిపోకండి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటించి మార్చి ఆఖరుకు కూడా బిల్లు కట్టని కంపెనీకి ఆ ఏడాది ఆ ఖర్చు ఆదాయపు పన్నులో లెక్కకు రాదు. అప్పట్నుంచి ప్రైవేటు కొనుగోలుదారులు మార్చి వచ్చేసరికి వాళ్లే ఫోన్ చేస్తున్నారు. ప్రభుత్వ కార్యాలయం ఆదాయపు పన్నే కట్టదు, ఇక దానికి టెన్షన్ ఎందుకుంటుంది? ఆ 40 మీటర్లు రెండు సీజన్లుగా యార్డులో పనిచేస్తూనే ఉన్నాయి. మొన్న బ్యాటరీలు మార్చడానికి వెళ్లి, బిల్లు గురించి కూడా అడిగొచ్చా. బడ్జెట్ రావాలన్నారు.