దవడ ఎముక కోసం భీమవరం తిరుగుళ్ళు, రొయ్యల ఐసూ

పైన కుడిపక్క దవడ పళ్ళు రెండు పీకించుకుని ఏడేళ్ళు అశ్రద్ధ చేశానండి, తీరా ఇంప్లాంట్ (ఎముకలోకి స్క్రూ దింపి దానిమీద పన్ను కట్టేది) పెట్టించుకుందామని వెళ్తే సీబీసీటీ స్కాన్‌లో (దవడని అన్నివైపుల నుంచీ చూపించే ఎక్స్‌రే) అక్కడ ఎముక 4 మిల్లీమీటర్లే ఉందన్నారు. పన్ను లేకపోతే ఎముక కరిగిపోద్దంట, పైనుంచి సైనస్, అంటే దవడ పైనుండే గాలి గది, అది కూడా కిందకి దిగిపోద్దంట, ఇంక స్క్రూ పట్టడానికి చోటేదీ? ముందు సైనస్ లిఫ్ట్ చేసి, అంటే ఆ సైనస్ అడుగు పొరని పైకి లేపి కింద ఎముక పొడి నింపి, ఎముక పెంచాలి.

మాది రాజోలు పక్కన. ముందు రాజమండ్రిలో ఒకచోట చూపించాం. ఏసీ హాలు, టీవీ, కాఫీ అన్నీ బానే ఉన్నాయ్ గానీ ఎముక పొడికెంత, దానిమీద కప్పే పొర, అదే మెంబ్రేన్‌కెంత అని అడిగితే విడిగా చెప్పరు, అంతా ప్యాకేజీయే సార్ అంటారు. పైగా రానూపోనూ నాలుగ్గంటలు. ఇది ఒక్కసారికి తెమిలే పని కాదు కదా, స్కాన్‌కోసారి, ఆపరేషన్‌కి, పది రోజులకి కుట్లు తీయడానికి, ఆర్నెల్లాగి మళ్ళీ స్కాన్‌కి, తర్వాత ఇంప్లాంట్‌కి, ఆపైన క్యాప్‌కి. అందుకే భీమవరం ఖాయం చేశాం, చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా గంటంబావు.

అక్కడ డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. పొడి పశువుల ఎముకతో చేసింది వాడతారనగానే మా ఆవిడ కుర్చీలోంచి లేచేసింది, "సింథటిక్‌ది కూడా ఉందమ్మా, కూర్చోండి" అన్నారాయన. షుగర్ రిపోర్ట్ చూశాకే డేట్ ఇచ్చారు, అది నాకు నచ్చింది. ఆ రోజు చేతి నుంచి రక్తం తీసి మిషన్‌లో గిర్రున తిప్పితే పసుపుపచ్చగా జెల్లీలాగ వచ్చింది, దాన్ని పొడిలో కలిపారు. చిగురు కోసి, ఎముకకి పక్కనుంచి చిన్న కిటికీలాగ తెరిచి, లోపలి పొర చిరగకుండా పైకి లేపి ఆ పొడి కూరారు. మత్తింజక్షన్ వల్ల నొప్పి లేదు, గీకుడు శబ్దం మాత్రం తలకాయంతా మోగింది.

లాడ్జి బస్టాండ్ దగ్గర, రోజుకి 1200. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నారు, ఇక్కడేమో దిండు అప్పడంలా ఉంది, రెండోది లేదన్నారు, బట్టల బ్యాగు కింద పెట్టుకున్నా. దోమల సంగతి చెప్పక్కర్లేదు. బుగ్గకి ఐసు కావాలంటే రూమ్ బాయ్ పరిగెత్తి కవరు నిండా తెచ్చాడు, మూతి దగ్గర పెట్టుకుంటే నీచు వాసన, రొయ్యల ప్యాకింగ్ ఐసంట! మా ఆవిడ దాన్ని రెండు కవర్లలో పెట్టి తువ్వాలు చుట్టింది. కుర్రాడు మాత్రం బంగారం, ఎదురు మెస్ నుంచి మజ్జిగన్నం మెత్తగా పిసికించి తెచ్చాడు, అవతల రొయ్యల వేపుడు వాసనొస్తుంటే నేనది మింగుతూ కూర్చున్నా.

ముక్కు చీదకూడదు, స్ట్రా వాడకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి, లేకపోతే ఆ ఊపుకి పొడి కదిలిపోద్దంట. పాలకొల్లు దాటాక దుమ్ముకి తుమ్మొచ్చింది, నోరు బార్లా తెరిచి తుమ్మేసరికి డ్రైవరు దడుచుకుని బ్రేకేశాడు.

మొన్న స్కాన్‌లో 11 మిల్లీమీటర్లు చూపించింది. వచ్చే నెల ఇంప్లాంట్, దిగేది ఆ లాడ్జిలోనే, దిండ్లూ ఐసు డబ్బా మాత్రం ఇంటి నుంచే.