‘మింగు’ అని వెతికితే: ఒక నిఘంటువు ఆప్‌పై సమీక్ష

కొన్ని నెలలుగా ఫోనులో వాడుతున్న ఒక తెలుగు నిఘంటువు ఆప్‌ను ఈసారి ‘మింగు’ అనే ఒక్క మాటతో పరీక్షించాను. 1852 నాటి బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునూ 1885 నాటి ‘శబ్దరత్నాకరము’ అనే తెలుగు నిఘంటువునూ ఒకే చోట వెతికి చూపడం దీనిలోని గొప్ప సౌకర్యం. టైపు చేసిన మాటలో వత్తులు సరిగ్గా లేకపోయినా తడబడకుండా దగ్గరి మాటను అందిస్తుంది.

అయితే అర్థచ్ఛాయల దగ్గర నిరాశే మిగిలింది. ‘కబళించు’కు ‘మింగు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కబళమంటే అన్నం ముద్ద. దేన్నైనా ఒక్క ముద్దగా నోట వేసుకోవడమే కబళించడం కనుకనే మృత్యువు కబళిస్తుందంటాం గాని, మాత్రను కబళించామనం. ‘దిగమింగు’ మరీ సున్నితమైనది. పెళ్లికూతురిని సాగనంపుతూ తల్లి దిగమింగేది దుఃఖాన్ని. గొంతు దాకా వచ్చినదాన్ని బలవంతంగా లోపలికి పంపడం అందులో ఉంది. భయంతో మాట పెగలనివాడు ‘గుటకలు మింగుతాడు’. అక్కడ నోట్లో ఉన్నది ఉమ్మి మాత్రమే. భోజనానికి ముందు అరచేతిలోని నీటిని మంత్రంతో పుచ్చుకునే ‘ఆపోశనం’, విద్యను ఆపోశన పట్టడంగా ఎలా విస్తరించిందో చెప్పే వివరణ కూడా లేదు.

ప్రతి మాటకూ ఒక వాడుక వాక్యం చేర్చితే చాలు, ఈ కొరత చాలావరకు తీరుతుంది. నెట్ లేకున్నా పనిచేస్తుంది కనుక విద్యార్థులు నిశ్చింతగా దించుకోవచ్చు.