ముందు ఎస్సేనా, రిఫ్లెక్టివ్ రైటింగా?

ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రాయడం నేర్పేటప్పుడు ఈ రెండిట్లో ఏది ముందు అంటే నా ఓటు రెండోదానికే, అంటే తనకి జరిగినదాన్ని తలుచుకుని దాని గురించి ఆలోచిస్తూ రాయడానికి. ఎస్సేలో సుఖం ఏంటంటే అచ్చు రెడీగా ఉంటుంది, ఇంట్రో, రెండు మూడు బాడీ పేరాలు, కన్‌క్లూజన్, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్ష రైటింగ్ టాస్క్ 2లో 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి కాబట్టి అక్కడ బాగా పనికొస్తుంది కూడా. కానీ చెప్పడానికి ఏమీ లేనివాడు ఆ అచ్చులో బట్టీ పట్టిన వాక్యాలే పోస్తాడు, "ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్" అని మొదలెడతాడు, ఇక పెన్ను కదలదు.

రిఫ్లెక్టివ్‌లో అలా కాదు, విషయం వాడి దగ్గరే ఉంటుంది. గ్రాహం గిబ్స్ అనే విద్యావేత్త, అనుభవాన్ని నెమరేసుకోడానికి 1988లో ఇచ్చిన సైకిల్‌లో ఆరు మెట్లు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాలేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేసుండొచ్చు, ఈసారి ఏం చేస్తావ్. మొదటి మెట్టులోనే పాస్ట్ టెన్స్ వాడక తప్పదు, ఐదో మెట్టుకొచ్చేసరికి "ఐ కుడ్ హావ్ ఆస్క్‌డ్" లాంటిది అవసరం పడి మరీ అడిగి నేర్చుకుంటారు, అదే గ్రామర్ క్లాసులో వారం చెప్పినా ఎక్కదు. చిక్కల్లా దిద్దడంలోనే, మనసులో మాట రాసిన పేజీని ఎర్ర పెన్నుతో నింపేస్తే మళ్ళీ నోరు విప్పరు, అందుకే నేను ఒకటి రెండు తప్పులే చూపించి కింద వాళ్ళు చెప్పినదానికి జవాబు రాస్తా.

పరీక్ష నెలలోపే ఉంటే మాత్రం వేరే దారి లేదు, ఎస్సేనే.