కుక్కలు, పిల్లుల ఆపరేషన్‌కు ఇంజెక్షన్ మత్తా, గ్యాస్ మత్తా? పాలమూరు నుంచి ఒక సమీక్ష

మా ఇంట్లో రెండు ఊరకుక్కలు, ఒక ముసలి లాబ్రడార్, ఒక పిల్లి. ఇవి చాలవన్నట్టు నారాయణపేటలో ఉండే మా అక్క వాళ్ల పగ్ కూడా ఒంట్లో బాగాలేకపోతే మా దగ్గరికే వస్తుంది. ఇన్నేళ్లలో వీటన్నిటికీ ఏదో ఒక ఆపరేషన్ అయింది. కొన్ని మహబూబ్‌నగర్‌లోనే ఇంజెక్షన్ మత్తుతో, కొన్ని హైదరాబాద్ తీసుకుపోయి గ్యాస్ మత్తుతో. "గ్యాస్ ఉన్న చోటికే పోవాలా, ఇక్కడ చేయించొచ్చా?" అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. నేనైతే ఇప్పుడు గ్యాస్ ఉందా అని అడగడం కన్నా ముందు, "మీరు కోస్తున్నప్పుడు మత్తు ఎవరు చూస్తారు సార్?" అని అడుగుతున్నా. ఎందుకో చెప్తా.

మన దగ్గర ఎక్కువగా నడిచేది ఇంజెక్షన్ మత్తే. జైలజీన్, కెటమిన్, కొన్ని చోట్ల వీటితో పాటు డయాజిపామ్. మా చిన్న ఊరకుక్కకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇలాగే అయింది, ఏ ఇబ్బందీ రాలేదు. వయసులో ఉన్న కుక్క, ఆరోగ్యంగా ఉంది, డాక్టర్ సారుది అలవాటైన చెయ్యి, పని త్వరగా ముగిసింది. ఇలాంటి కేసుకు ఇంజెక్షన్ మత్తును నేను తక్కువ చేసి మాట్లాడను. దాని చిక్కు వేరే చోట ఉంది. ఒకసారి లోపలికి పోయిన మందును వెనక్కి లాగలేం. జైలజీన్‌కు విరుగుడు ఇంజెక్షన్ ఉంది కానీ కెటమిన్‌కు లేదు, ఒళ్లు దాన్ని మెల్లగా వదిలించుకోవాల్సిందే. లివర్, కిడ్నీలు బాగా లేని ముసలి జీవానికి ఆ ఆలస్యమే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకోటి బరువు. మందంతా కిలోల లెక్క మీదే. "ఇరవై కిలోలు ఉంటది లే" అని చూపుతో అంచనా కట్టే చోట నాకు టెన్షన్ మొదలవుతుంది. పెద్ద కాటా లేకపోతే పోనీ, కుక్కను ఎత్తుకుని మామూలు బాత్రూమ్ కాటా మీద నిలబడి, మన బరువు తీసేస్తే సరిపోతుంది. గొర్రెలు, బర్రెలు ఎక్కువున్న జిల్లా మనది. కిలో బరువుకు చూస్తే ఆ జంతువులకు కుక్క కన్నా చాలా తక్కువ జైలజీన్ చాలు. జంతువు మారితే లెక్కే మారిపోతుంది. అందుకే సీరియస్‌గా లెక్క రాసుకుని సిరంజి నింపే డాక్టర్ కనిపిస్తే నాకు సగం ధైర్యం వచ్చేస్తుంది.

గ్యాస్ మత్తు నేను పూర్తిగా చూసింది లాబ్రడార్‌కు ప్లీహం మీద గడ్డ తీసినప్పుడు. ముందు కాలి నరానికి సూది పెట్టి పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ అనే మత్తు మందు మెల్లగా ఎక్కించారు. తల వాలగానే నాలుక బయటికి లాగి, శ్వాసనాళంలోకి ట్యూబ్ దింపారు. ట్యూబ్ చివరన ఉండే చిన్న బుడగను గాలితో నింపి, ట్యూబ్‌ను పలుచని గుడ్డ పట్టీతో మూతికి కట్టేశారు. అక్కడి నుంచి ఆక్సిజన్‌తో కలిపి ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్. మత్తు ఎక్కువైతే డయల్ తగ్గిస్తారు, కదిలితే పెంచుతారు. గ్యాస్ ఆపాక కాసేపటికే మావాడు మింగడం మొదలుపెట్టాడు. అంత పెద్ద ఆపరేషన్ తర్వాత అంత త్వరగా లేస్తాడని నేననుకోలేదు.

అయితే గ్యాస్ అంటే ప్రమాదమే లేదనుకోవద్దు. ఐసోఫ్లూరేన్ బీపీని తగ్గిస్తుంది. నొప్పిని ఆపడం దాని పని కాదు, నొప్పి మందు విడిగా ఇవ్వాల్సిందే. సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంతుందో, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందో లేదో అడిగితే కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ, అడగండి.

లాబ్రడార్ ఆపరేషన్ రోజు నాకు నిజంగా నచ్చింది మెషీన్ కాదు, దాని పక్కన కూర్చున్న డాక్టరమ్మ. కోత పనిలో ఆమె అసలు చెయ్యి పెట్టలేదు. తొడ లోపలి వైపు రెండు వేళ్లు పెట్టి నాడి చూడటం, ఊపిరితో పాటు ఉబ్బి తగ్గే నల్ల రబ్బరు సంచి ఎంత ఉబ్బుతోందో గమనించడం, ఐదేసి నిమిషాలకు కాగితం మీద అంకెలు రాయడం, అంతే ఆమె పని. మధ్యలో మానిటర్ అరిచింది. అద్దం తలుపులోంచి చూస్తున్న నాకు ఆక్సిజన్ అంకె ఎనభైల్లోకి పడటం కనిపించి కాళ్లు ఆడలేదు. ఆమె మానిటర్ వైపు తిరగకుండా ముందు నాలుక చూసింది. గులాబీ రంగులోనే ఉంది. చిగుళ్ల మీద వేలితో నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగొచ్చింది. అప్పుడు ఆరిపోయిన నాలుకను తడి గుడ్డతో తుడిచి, దానికి పెట్టిన ఆక్సిజన్ కొలిచే క్లిప్పును పక్కకు జరిపి పెట్టింది. అంకె తొంభై ఎనిమిదికి ఎక్కింది. క్లిప్పు జారిందని తెలుసుకోవడానికైనా, నిజంగానే ఊపిరి ఆగుతోందని కనిపెట్టడానికైనా చూసే కళ్లు ఉండాలి కదా.

దీనికి పూర్తి విరుద్ధం ఇంకో చోట చూశా, పేరెందుకు లే. మానిటర్ గోడకు వేలాడుతోంది, ఎవరూ తగిలించలేదు. కాళ్లు పట్టుకున్న కాంపౌండరే ఫోన్ కూడా ఎత్తుతున్నాడు. కోస్తున్న డాక్టరే మధ్యమధ్యలో తల తిప్పి, ఊపిరి తీస్తోందా అని చూసుకుంటున్నాడు.

2008లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం గురించి నాకు చెప్పింది కూడా ఆ డాక్టరమ్మే. మత్తు ఇచ్చిన కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం చనిపోయాయట. ఆరోగ్యంగా ఉన్న కుక్కలనే తీసుకుంటే సుమారు రెండు వేలకు ఒకటి, జబ్బుతో ఉన్నవాటిలో 75కు ఒకటి. పిల్లుల విషయంలో ఇంకో సంగతి తేలింది: నాడిని, ఆక్సిజన్‌ను గమనించినవాటికి ప్రమాదం తక్కువ, ట్యూబ్ వేసినవాటికి ఎక్కువ. పిల్లి గొంతు అంత సున్నితం మరి. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో సగానికి పైగా పోయింది ఆపరేషన్ బల్ల మీద కాదు, తర్వాత. అందులోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లోనే.

మన దగ్గర ఎవరూ పట్టించుకోనిది కూడా ఆ మూడు గంటలే. కుట్లు పడగానే "ఇంటికి తీసుకెళ్లండి, లేస్తది" అంటారు. మా పెద్ద ఊరకుక్కను ఒకసారి ఇలాగే ఆటోలో పంపించారు. మెట్టుగడ్డ దాకా దాని తల నా ఒళ్లో వేలాడుతూనే ఉంది. ఇంటికొచ్చాక ఒకటే వణుకు, బయట ఏప్రిల్ ఎండ మండిపోతున్నా. మత్తులో ఉన్న ఒళ్లు తన వేడిని తాను కాపాడుకోలేదు. సెలైన్ బాటిల్‌లో వేడినీళ్లు పోసి, టవల్ చుట్టి పక్కన పెట్టాం. టవల్ లేకుండా పెడితే చర్మం కాలుతుంది, మత్తులో దానికి తెలియదు కూడా. లేచేటప్పుడు అది తల ఊపుతూ ఏడ్చినట్టు అరిచింది. కెటమిన్ దిగేటప్పుడు అలా జరుగుతుందని ముందే ఒక మాట చెప్పి ఉంటే మా అమ్మ అంత భయపడేది కాదు.

పగ్ అయితే ఇంకా జాగ్రత్త. నొక్కేసినట్టుండే ఆ ముక్కుతో మెలకువలోనే గురకపెట్టే జీవం అది. పూర్తిగా తెలివొచ్చి తల ఎత్తేదాకా ట్యూబ్ తీయకూడదు. అక్క వాళ్ల పగ్ విషయంలో డాక్టర్ ఆ ట్యూబ్‌ను అలాగే ఉంచి పక్కనే కూర్చున్నాడు, అందుకే ఆయన దగ్గరికే మళ్లీ వెళ్తాం.

ఆపరేషన్ ముందు సంగతులు రెండు. పిడుదులు విపరీతంగా ఉండే ప్రాంతం మనది. వాటి జ్వరం వచ్చిన కుక్కకు ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కోస్తే రక్తం ఆగదు. పైకి తోక ఊపుతూ తిరుగుతున్నా సరే, రక్త పరీక్ష లేకుండా ఒప్పుకోను. ఇక పస్తు. పెద్ద కుక్కకు ముందు రాత్రి తర్వాత తిండి బంద్, నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో డాక్టర్‌ను అడగాలి. కడుపులో ఉన్నది కక్కి ఊపిరితిత్తుల్లోకి పోతే పెద్ద ప్రమాదం. మా వీధి పిల్లలు బిస్కెట్లు వేస్తారని ఆ రాత్రి గేటుకు తాళం వేస్తాం. పసి కూనలను మాత్రం అంతసేపు మాడ్చకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. కుందేలుకైతే అసలు పస్తే వద్దు.

ఖర్చు చూస్తే, గ్యాస్‌కు మాకు ఇంజెక్షన్ కన్నా రెట్టింపు దాకా అయింది, జడ్చర్ల మీదుగా హైదరాబాద్‌కు కారు కిరాయి అదనం. ముసలిది, జబ్బుది, పగ్‌లా చప్పిడి ముక్కుది, లేదా పొట్ట తెరిచి చాలాసేపు చేయాల్సిన పని అయితే ఆ డబ్బు పెడతా. లేత వయసు కుక్కకు చిన్న ఆపరేషనైతే, కాటా వాడి, మత్తు చూడటానికి విడిగా మనిషిని పెట్టే డాక్టర్ ఇక్కడ దొరికితే ఇక్కడే. ఇంటికొచ్చాక నొప్పి మాత్ర డాక్టర్ రాసిందే వేయండి. మన పారాసెటమాల్ పిల్లికి విషం.

లాబ్రడార్‌కు ఇప్పుడు పళ్లు శుభ్రం చేయించాలి. చిన్న పనే, ఇక్కడే కానిద్దామని బావ అంటున్నాడు. కానీ పళ్లు గీకేటప్పుడు నోట్లో నీళ్లు పారుతూనే ఉంటాయి, ట్యూబ్ లేకపోతే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకే. మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరే అడిగాం, దసరా తర్వాత రమ్మంది.