భిన్నమా, దశాంశమా, నిష్పత్తా: లెక్కకి ఏది మేలు?

ట్యూషన్‌కి పిల్లల్ని దింపడానికొచ్చే పేరెంట్స్ నుంచి బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ల దాకా అందరూ అడిగేది ఒకటే, సార్ ఎలాగూ చివర్లో ఆన్సర్ పాయింట్లలోనే కదా రాసేది, మొదట్నుంచీ పాయింట్లలోనే చేసేస్తే పోలా, ఈ పైనొకటి కిందొకటి గోల దేనికి అని. పోదండీ. ఎందుకు పోదో చెప్తా, ముందు దశాంశాలకి రావాల్సిన మార్కులు వాటికి ఇచ్చేద్దాం.

ఏది పెద్దదో చూడాలంటే దశాంశమే బెస్ట్. 5/8 పెద్దదా 7/11 పెద్దదా అంటే క్లాసంతా మొహాలు చూసుకుంటారు, అదే 0.625, 0.636 అని రాస్తే అయిపోయె. కూడికల్లోనూ అంతే, ఎల్‌సీఎం తియ్యక్కర్లేదు. డబ్బుల సంగతైతే చెప్పేదే లేదు, 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయా పైసలొచ్చాక కిరాణా కొట్టు లెక్కలు ఎంత తేలికయ్యాయో పెద్దవాళ్లని అడగండి.

కానీ నన్నడిగితే తేల్చేది ఒక్కటే, హారం. భిన్నాన్ని కొట్టివేతలన్నీ అయ్యాక చూడండి, కింద 2లు, 5లు మాత్రమే మిగిలితే దశాంశం ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అణా అంటే రూపాయిలో 1/16, 16లో అన్నీ రెండ్లే కాబట్టి 6.25 పైసల దగ్గర బుద్ధిగా ఆగింది. కింద 3 గానీ 7 గానీ దూరిందా, ఇంక ఆగదు, మీరే ఎక్కడో తెంపాలి, తెంపినచోట ఎంతో కొంత పోతుంది. 500 గజాల ప్లాట్ ముగ్గురు అన్నదమ్ములకి పంచాలి, తలా 0.33 అన్నారనుకోండి, 165 గజాల చొప్పున 495 అయ్యాయి, మిగతా 5 గజాలు ఎవరివి? హైదరాబాద్‌లో 5 గజాలంటే అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. 1/3 అని రాసుకుని చివరి మెట్టు దాకా అలాగే ఉంచితే ఈ పంచాయితీయే లేదు, పైగా మధ్యలో 3తో గుణించాల్సొస్తే కొట్టేసుకుని పోతుంది కూడా. అందుకే నా ఓటు భిన్నానికే.

నిష్పత్తిని పెద్దగా పట్టించుకోరు గానీ మార్పిడి లెక్కల్లో దానంత సాఫీది ఇంకోటి లేదు. మన హైదరాబాద్‌లోనే చూడండి, నిజాం కాలంలో ఇక్కడి సొంత నాణెం హాలీ సిక్కా, ఆ రూపాయలు 7 ఇస్తే ఇండియా రూపాయలు 6 వచ్చేవి, అంతే. దీన్ని దశాంశంలో పెడితే 0.857142 అని మొదలై అవే అంకెలు తిరుగుతూనే ఉంటాయి, పోనీ 0.86 అనుకుందామంటే 7,000 హాలీకి 6,000 రావాల్సింది 6,020 వస్తుంది. నిష్పత్తితో చిక్కల్లా ఒకటే, సిమెంట్, ఇసుక, కంకర 1:2:4గా కలిపిన కాంక్రీట్‌లో సిమెంట్ ఎంత భాగం అంటే పిల్లలు సగం అంటారు. ఇసుకతో పోలిస్తే సగం, మొత్తంలో అయితే 1/7. ఏ రెండిటిని పోలుస్తున్నామో నోటితో చెప్పించాకే పెన్ను పట్టనివ్వండి.

శాతాలు సరే, వందని హారంగా పెట్టుకున్న భిన్నాలే. 1/2 నుంచి 1/12 దాకా ఏ భిన్నం ఎంత శాతమో టేబుల్ బట్టీ పట్టండి చాలు, 4,200లో 14.28 శాతం ఎంతకి దగ్గర అని అడిగితే అది దాదాపు 1/7 కాబట్టి 7తో భాగించి 600 అని టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి పోవచ్చు.

భూమి కాగితాలు చూసేవాళ్లకి ఇంకొకటి. ఎకరానికి 100 సెంట్లు అనే ఆంధ్ర లెక్కలో 2.20 అంటే నిజంగానే దశాంశం. మన తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఇక్కడ 2.20 అని రాస్తే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, కానీ ఎక్సెల్‌కి ఆ సంగతి తెలీదుగా, 1.25కి 1.25 కలిపి 2.50 అని చూపిస్తుంది, అసలు రావాల్సింది 3 ఎకరాల 10 గుంటలు. ఎకరాలకో కాలమ్, గుంటలకో కాలమ్ పెట్టుకోండి, లేదంటే అన్నీ గుంటల్లోకి మార్చి కూడి, ఆఖర్న 40తో భాగించండి.