ముక్కును స్కేలుతో కొలిపించిన క్లాసు

బెంగళూరు జయనగర్ నాలుగో బ్లాకు దగ్గర ఒక ఫొటో స్టూడియో మేడమీద ఆదివారం ఉదయం పదమూడేళ్ళు దాటిన పిల్లలకు క్లాసు నడుస్తోంది. ఫోనులో కనిపించే ముఖాలను, ఒంటి తీరును నిలదీసి చూడడం నేర్పుతారు. ఫీజు 600 రూపాయలు. మా అమ్మాయి పదో తరగతి. ముక్కు లావుగా ఉందని ఇంట్లో ఫొటోలకు కూడా రాకుండా తప్పుకుంటుంటే చూడలేక చేర్పించాను.

నడిపే ఫొటోగ్రాఫర్‌ది అనంతపురం. ఉపన్యాసం ఇవ్వకుండా ముందు పని చేయించారు. పిల్లలు జంటలుగా కూర్చుని, ఎదుటివారి ముఖాన్ని ఫోనుతో అడుగు దూరం నుంచి ఒకసారి, ఐదడుగుల నుంచి మరోసారి తీశారు. ముఖం ఒకే సైజులో వచ్చేలా ప్రింట్లు తీసి, ముక్కు వెడల్పును స్కేలుతో కొలవమన్నారు. "అక్కా, రెండూ నా ముక్కేనా?" అని మా అమ్మాయి తెలుగులోనే అడిగేసింది. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసినదానికంటే సుమారు 30 శాతం ఎక్కువ వెడల్పుగా కనిపిస్తుందని అమెరికా పరిశోధకులు 2018లో లెక్కగట్టిన సంగతి అప్పుడు చెప్పారు. తాము కొలిచాక విన్నారు కాబట్టి పిల్లలకు నాటుకుంది.

తరువాతి గంట నాకు ఇంకా నచ్చింది. నార్వేలో 2022 జులై నుంచి ఒక చట్టం ఉంది. ప్రకటనలో శరీరాన్ని దిద్దితే ఆ విషయం ఫొటో మీదే తెలపాలి, డబ్బు తీసుకుని పోస్టు పెట్టే ఇన్‌ఫ్లుయెన్సర్లకూ ఇది వర్తిస్తుంది. అయితే అలాంటి ముద్ర చూసినంత మాత్రాన మనసు పోల్చుకోవడం మానదని చాలా పరిశోధనల్లో తేలింది. అందుకే ఆమె "ఇది నిజమా?" దగ్గర ఆగలేదు. "ఇది నీ దాకా ఎందుకు వచ్చింది? నువ్వు కుంగిపోతే ఎవరి సరుకు అమ్ముడవుతుంది?" అని ఒక్కో రీలుకూ జవాబు రాయించారు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది కదా, పేరుతోపాటు లోపలి మాట మారిందా అని పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. ఆ వాదన కోసమైనా పంపవచ్చు.

చివరి అరగంట, "నిన్ను నువ్వు ప్రేమించుకో" అన్న పాఠం, తేలిపోయింది. మగపిల్లలను దాదాపు వదిలేశారు. కండల కోసం ప్రొటీన్ పొడి కొనిపించుకుంటున్న కుర్రాళ్ళు ఆ గదిలోనే ఉన్నారు, వాళ్ళకు ఒక్క ఉదాహరణా దొరకలేదు. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టడం కూడా నాకు సరిగా తోచలేదు. పెళ్ళిళ్ళలో "నల్లబడ్డావేమిటమ్మా" అని పలకరించేది మనమే కదా. పెద్దలకూ ఒక గంట పెట్టమని అడిగాను, వచ్చే నెల చూస్తామన్నారు.